పేరు పెట్టి పిలిచి లెక్కపెట్టు

శ్రీకాకుళం

చిరంజీవి బుజ్జికి,

మేనత్త ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అక్కా, నీ మేనకోడలు బడిలో గైడ్లకి, అదే ఆడపిల్లల స్కౌట్లకి, కెప్టెన్ అయింది. స్టాఫ్ మీటింగులో అందరూ తల దించుకుంటే ఇదొక్కతే చెయ్యెత్తిందట" అని చెప్పాడు. గొంతులో కొంచెం విసుగు, కొంచెం గొప్ప. నాకూ అంతే. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. నీకు ఫోన్ చేసి చెబితే "ఊఁ అత్తా, ఊఁ అత్తా" అని వింటావు, ఆ చెవితో విని ఈ చెవితో వదిలేస్తావు. అందుకే రాస్తున్నాను.

ముందు సులువైనవి. బేసిక్ కోర్సుకి వెళ్ళి, వారంట్, అంటే కెప్టెన్‌గా నియమించిన కాగితం, తెప్పించుకో. అడ్వాన్స్‌డ్, హిమాలయ ఉడ్ బ్యాడ్జ్ అనే పై కోర్సులు తర్వాత చూసుకోవచ్చు. మీ రాజాం 2022లో విజయనగరం జిల్లాలో కలిసింది కదా, నీ కాగితాలు ఏ జిల్లా అసోసియేషన్‌కి వెళ్ళాలో హెడ్‌మాస్టరు గారిని అడిగి పంపు. హాజరు రిజిస్టరు, జమాఖర్చుల పుస్తకం, సామాను పుస్తకం మూడూ మొదటిరోజే తెరువు. పది రూపాయల ఖర్చుకైనా రసీదు అంటించు. డబ్బు నీ పర్సులో కలవనివ్వకు. జెండా మడత ముందురోజు రెండుసార్లు లాగి చూసుకో. లేకపోతే అతిథి ఎదుట అది విచ్చుకోదు, నువ్వు పైకి చూస్తూ నిలబడాలి. ప్రార్థన, జెండా పాట పిల్లలకి వారంలో వచ్చేస్తాయి. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950 నవంబరు 7న ఏర్పడిందనీ, గైడ్లు 1951 ఆగస్టు 15న వచ్చి కలిశారనీ, ఫిబ్రవరి 22 థింకింగ్ డే అనీ బట్టీ పట్టిస్తే సరిపోదు. పరీక్షకి అవి చాలు. ఏట్లో కాలు జారినప్పుడు అవి పనికిరావు.

కంపెనీలో, అంటే నీ గైడ్ల దళంలో, ముప్పై రెండు మందికి మించి తీసుకోకు. ఎనిమిదేసి మంది చొప్పున నాలుగు జట్లు, వాటినే పెట్రోళ్ళు అంటారు. చేమంతి, తామర, మల్లె, గులాబీ అని పేర్లు వాళ్ళే పెట్టుకుంటారు. 'పెట్రోల్ లీడర్' అని ఇంటికెళ్ళి చెబితే బంకులో పనా అని అడిగే నానమ్మలు మన వైపు ఉన్నారు, ముందే పిల్లల ఇళ్ళకి వెళ్ళి చెప్పు. నలభై మంది వచ్చారని మురిసిపోయి అందరినీ చేర్చుకోకు. నీ కన్ను ఎంతమంది మీద ఆనుతుందో అంతమందే నీ కంపెనీ. మిగతా ఎనిమిది మందిని వచ్చే ఏడాదికి రాసిపెట్టుకో.

లీడరుని నువ్వు నియమించకు, పెట్రోల్‌నే ఎన్నుకోనివ్వు. మొదటి ర్యాంకు పిల్లనో, టీచరు కూతురినో నెత్తిన పెట్టడం మనకి అలవాటు. చెల్లెళ్ళని ఎత్తుకుని పెంచిన పిల్ల, సంతకి వెళ్ళి బేరమాడి వచ్చే పిల్ల మంచి లీడరు అవుతుంది. నెలకోసారి కోర్ట్ ఆఫ్ ఆనర్ పెట్టు. నలుగురు లీడర్లు, నువ్వు. అందులో నీ పని వినడం. చిన్నప్పటి నుంచీ నీకు ఎవరైనా తాడు ముడి వేస్తూ తడబడితే చేతిలోంచి లాక్కుని వేసేసే బుద్ధి ఉంది. ఏటే, కాదంటావా? మా ఇంట్లో పందిరి కట్టినప్పుడు మీ అన్న చేతిలోంచి తాడు లాక్కున్నది ఎవరు? ఆ బుద్ధి ఇక్కడ పనికిరాదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడడం నేర్చుకో. ముడి విడిపోయి బకెట్టు కింద పడితే పడనీ, ఆ పిల్ల ఇంక జన్మలో తప్పు కట్టదు.

ఇక అసలు సంగతి. ఈ ఉత్తరం దీని కోసమే రాస్తున్నాను.

లెక్క. పిల్లల లెక్క.

శాలిహుండంలో ఒకసారి మా కంపెనీ లెక్క తప్పింది. తప్పింది అంటే తక్కువ రాలేదు, సరిగ్గా వచ్చింది. అదీ ప్రమాదం. కొండ దిగి, వంశధార ఒడ్డున వంట చేసుకుని తిని, బయల్దేరే ముందు లెక్కపెడితే ముప్పై ఒకటి. పొద్దున్న వచ్చింది ముప్పై ఒకటి. ఇంకేం, నడక మొదలు. కిలోమీటరు దాటాక వరసలోంచి ఒక పిల్ల పక్కదారి పట్టింది. "అటెక్కడికే?" అంటే "మా ఇల్లు అటే" అంది. ఆ పిల్ల మనది కాదు. మేకలు తోలుకొచ్చి మన గుంటలతో ఆడుకున్న ఊరి పిల్ల. ఎవరో ముద్దుకి దాని మెడలో స్కార్ఫ్ కట్టారు. అది వరసలో నిలబడింది, దాని తలా లెక్కలో పడింది. అంటే మన పిల్ల ఒకతి ఏటి ఒడ్డునే ఉంది. ఆ లెక్క పెట్టింది నేనే.

పిల్లకి ఏమీ కాలేదు. గుండిగ తోముకుని వచ్చి చూసేసరికి ఎవరూ లేరు. ఎటు వెళ్ళారో తెలియక దగ్గరున్న ఇంటి అరుగు మీద కూర్చుంది, ఆ ఇంటావిడ మజ్జిగ ఇచ్చింది. అంతే. కానీ ఆ ఇరవై నిమిషాలు ఏం జరిగి ఉండవచ్చునో ఆలోచించకు, నేను ఆలోచించినది చాలు. ఎక్కడెక్కడ తప్పు జరిగిందో మాత్రం చూడు.

మొదటిది, తలలు లెక్కపెట్టాను, పేర్లు పిలవలేదు. అంకె ఎవరి తలతోనైనా నిండుతుంది. పేరు నిండదు. రెండోది, పిల్లలు నడుస్తూ ఉండగా వేలు పెట్టి లెక్కించాను. కదిలే వరసలో ఒకతిని రెండుసార్లు లెక్కపెట్టడం, ఒకతిని వదిలేయడం ఎంతసేపు? మూడోది, మల్లె పెట్రోల్ లీడరు కడుపునొప్పితో చెట్టు కింద పడుకుంటే దాని బదులు ఇంకెవరో "అందరూ ఉన్నాం మేడం" అని అరిచారు. ఆ 'అందరూ' అన్న మాటని ఎప్పుడూ ఒప్పుకోకు. నాలుగోది, గుండిగ తోమడానికి ఒక్క పిల్లని పంపాం. ఒక్కతిని.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఇది. ప్రతి లీడరు జేబులో తన ఎనిమిది మంది పేర్ల చీటీ ఉండాలి, నీ దగ్గర మొత్తం పేర్ల చీటీ. లెక్క సమయంలో అందరూ నిలబడతారు, ఎవరూ కదలరు, మాట్లాడరు. లీడరు పేరు పిలుస్తుంది. ఆ పిల్ల మొహం చూసి, గొంతు విని గీత గీస్తుంది. తర్వాత నీ దగ్గరికి వచ్చి, "చేమంతి ఎనిమిది. ఎనిమిది మందీ ఉన్నారు" అని చెబుతుంది. లీడరు లేకపోతే సెకండ్, అంటే లీడరు తర్వాతి పిల్ల, చెబుతుంది, ఆ సంగతి నీకు ముందే తెలిసి ఉండాలి. బడి గేటు దగ్గర ఒకటి, చేరిన చోట ఒకటి, నీళ్ళ దగ్గర నుంచి వచ్చాక ఒకటి, బయల్దేరే ముందు ఒకటి, బస్సులో కూర్చున్నాక డ్రైవరు స్టార్ట్ చేయకముందు ఒకటి. ఐదు. డ్రైవరు హారన్ కొడతాడు, టైం అయిపోతోందంటాడు. కొట్టుకోనీ.

ఎక్కడికి వెళ్ళినా ముగ్గురేసి. నీళ్ళకైనా, బాత్రూంకైనా, కట్టెలకైనా. ఇద్దరు ఎందుకు చాలరంటే, ఒకతి పడితే రెండోది దాని దగ్గర ఉండాలా, పరిగెత్తి నీకు చెప్పాలా? ముగ్గురుంటే ఆ ప్రశ్నే రాదు. నడకలో అందరికన్నా నెమ్మదిగా నడిచే పిల్లని ముందు పెట్టు, దాని వేగమే అందరి వేగం. చివర ఒక పెద్ద పిల్ల ఉండాలి, మేము దాన్ని 'తోక' అనేవాళ్ళం. తోక వెనక ఎవరూ ఉండకూడదు. రోడ్డు మీద కుడిపక్కన, ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా ఒంటి వరసలో నడిపించు. చీకటి పడ్డాక అసలు నడిపించకు.

విజిల్ భాష మొదటి నెలలోనే రావాలి. ఒక పొడవు ఊదితే నిశ్శబ్దం, నా వైపు చూడు. గబగబా పొట్టివి వరసగా ఊదితే అందరూ పరిగెత్తి రండి. మూడు పొట్టివి, ఒక పొడవు అంటే లీడర్లు మాత్రం రండి. పొడవు, పొట్టి మార్చి మార్చి ఊదితే ప్రమాదం. ఆ ప్రమాదం విజిల్‌ని ఆటకి ఎప్పుడూ ఊదకు. ఒకసారి ఆటకి ఊదితే నిజంగా అవసరమైనప్పుడు ఎవరూ లేవరు.

నీళ్ళ సంగతి వేరే చెప్పాలి. మన వైపు గుంటలంటే పిల్లలు, ఏట్లో గుంటలంటే ఇసుక తవ్విన గోతులు. రెండూ ఒకచోట చేరకూడదు. నాగావళి వేసవిలో మోకాలి లోతు కనిపిస్తుంది, పిల్లలు పరిగెత్తుతారు. ఇసుక తవ్విన చోట మోకాలి లోతు పక్కనే రెండు నిలువుల లోతు ఉంటుంది, పైనుంచి చూస్తే నీటి రంగు కూడా మారదు. గోతి అంచు కాలు పెడితే జారుతుంది, ఒకతిని పట్టుకోబోయి ఇంకొకతి దిగుతుంది. వానాకాలంలో ఇంకో తంటా. ఇక్కడ ఎండ కాస్తూ ఉంటుంది, ఒడిశా కొండల్లో వాన పడుతుంది. తోటపల్లిలో గేట్లు ఎత్తితే నాగావళికి, గొట్టాలో ఎత్తితే వంశధారకి నీళ్ళొచ్చేస్తాయి. కాబట్టి జూన్ నుంచి నవంబరు దాకా ఏటి ఒడ్డున క్యాంపు లేదు. అంతే. ఎవరెంత అందంగా చెప్పినా లేదు. 2014 హుద్‌హుద్ తుఫాను అక్టోబరు 12న వచ్చింది, 2018 తిత్లీ అక్టోబరు 11న. దసరా సెలవులని క్యాంపు పెట్టాలనిపిస్తుంది, ఆ రోజుల్లో మన తీరానికి గాలివాన భయం ఎక్కువ. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి చాలు. సముద్రం దగ్గరైతే, కళింగపట్నమో, చింతపల్లో, మడమలు తడిస్తే చాలు, అక్కడ గీత గీసి దాటనివ్వకు.

ఎవరైనా మునిగితే ఈత రాని పిల్ల దూకకూడదు. ఈ మాట వందసార్లు చెప్పు. తాడు, స్కార్ఫులు కట్టి కలిపిన దండ, వెదురు కర్ర, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యాను. గట్టు మీద పడుకుని అందించాలి. తాడు చివర బోలైన్ ముడి, అది బిగుసుకోదు, నడుముకి వేస్తే ఊపిరాడనివ్వకుండా చేయదు. రీఫ్ నాట్ అనే ముడి అలా వాడితే జారుతుంది, రెండు తాళ్ళు కలపడానికి కూడా దాన్ని నమ్ముకోకు, కట్టు కట్టడానికి మాత్రమే అది. పైకి తీశాక ఊపిరి లేకపోతే ముందు ఐదు శ్వాసలు నోటితో ఊది, తర్వాత ముప్పై నొక్కులు, రెండు శ్వాసలు. 108కి ఫోన్ అప్పటికే వెళ్ళి ఉండాలి, అందుకే మూడో పిల్ల.

మొదటి క్యాంపు ఒక్క రాత్రే పెట్టు, బడిలోనే. బడిలో పడుకోవడం క్యాంపు ఎలా అవుతుందని పిల్లలు మూతి ముడుస్తారు. అవుతుంది. గదులు, బాత్రూములు, బోరింగు, గేటు ఉంటాయి. బాత్రూం తలుపుకి గడియ పడుతుందో లేదో ముందు వారం స్వయంగా వెళ్ళి చూడు. గడియ పడని తలుపుకి ఆడపిల్లలు రాత్రంతా వెళ్ళకుండా ఉగ్గబట్టుకుంటారు, నీకు చెప్పరు. ప్యాడ్లు నాలుగు ప్యాకెట్లు, పాత పేపర్లు, కవర్లు బాత్రూంలోనే పెట్టు. అడిగి తీసుకోవాల్సి వస్తే ఏ పిల్లా అడగదు. "ఇవాళ నడకకి రాను" అని ఒక పిల్ల అంటే కారణం అడగకు, వంట దగ్గర పని ఇవ్వు.

నువ్వు కాక ఇంకో ఆడమనిషి తప్పనిసరి. ఏ పెద్దవాళ్ళూ ఒక్క పిల్లతో ఒంటరిగా గదిలో ఉండకూడదు. నువ్వు కూడా. మందలించాలంటే పదిమంది వినకుండా, కానీ పదిమందికి కనిపించేలా ఒక చెట్టు కింద మందలించు. చెయ్యి ఎత్తకు. పిల్లల ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకు.

ప్రతి ఇంటి నుంచి సంతకం ఉన్న కాగితం. అందులో బ్లడ్ గ్రూపు, ఆయాసం, మూర్ఛ, పడని మందులు, ఇద్దరి ఫోన్ నెంబర్లు. మూర్ఛ సంగతి చాలామంది తల్లులు రాయరు, పెళ్ళి కాదని భయం. కాగితం తీసుకున్నాక వెళ్ళి వరండాలో కూర్చుని నెమ్మదిగా నోటితో అడుగు.

వంట పెట్రోల్ వారీగా. పెట్రోల్‌కి పూటకి కిలో బియ్యం, మూడొందల గ్రాముల కందిపప్పు, గుర్తుపెట్టుకోవడం సులువు. పెద్దవాళ్ళతో కలిపి ముప్పై ఐదు మందికి ఉప్మా అయితే రెండున్నర కిలోల రవ్వ. తాగడానికీ వంటకీ మనిషికి ఐదు లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు తొమ్మిది. తొమ్మిదో క్యాను ఎందుకని అడుగుతారు, తెప్పించు. పొయ్యి చుట్టూ రెండు మీటర్ల దూరం చెత్త లేకుండా ఊడ్పించు. తర్వాతెప్పుడైనా సరుగుడు తోటలో దిగితే మరీ జాగ్రత్త. కట్టె బాగా మండుతుంది కానీ కింద రాలిన ఆకు పెట్రోలే, ఈసారి నిజం పెట్రోల్. పక్కన ఒక బకెట్ నీళ్ళు, ఒక బకెట్ ఇసుక. చున్నీ నడుముకి బిగించి ముడి, జడ పైకి, స్కార్ఫ్ తీసేయాలి. జీడితోటల పక్కకి వెళ్తే పచ్చి గింజ ముట్టుకోనివ్వకు, ఆ సొన పెదవికి తగిలితే బొబ్బలెక్కుతుంది.

రాత్రి చాప మీద పడుకుంటే దోమతెర అంచు చాప కిందకి దోపించు. దోమలకే కాదు, కట్లపాముకి. అది రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళనే కాటేస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. తెల్లవారుజామున ఒక పిల్ల కడుపునొప్పి అనీ, కళ్ళు మూసుకుపోతున్నాయనీ అంటే తిండి పడలేదని వదిలేయకు, వెంటనే ఆసుపత్రి. కాటుపడిన చోట కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం ఏదీ వద్దు. పట్టీలు, గాజులు, ఉంగరం తీసేయి, కాలు కదలకుండా కర్ర పెట్టి కట్టు కట్టు, నడిపించకుండా మోసుకెళ్ళు. పాము మందు ఏ ఆసుపత్రిలో ఉందో క్యాంపుకి ముందే వెళ్ళి కనుక్కో. ఉరుము వినబడితే అందరూ గదిలోకి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. తాటిచెట్టు కింద అసలే వద్దు. విరేచనాలకి ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళు, ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి. ఉప్పు ఎక్కువైతే మందు కాదు, విషం. ఏ మాత్ర ఇచ్చినా తల్లి కాగితంలో రాసిందే.

ఇంత రాశాక నీకు భయం వేస్తుందేమో. వేయనీ, కొంచెం. మొదటి మూడు వారాలు పిల్లలు నీ మాట వినరు, నువ్వు ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంటావు, మీ అమ్మ నాకు ఫోన్ చేస్తుంది. నాలుగో వారం ఒక గుంట వచ్చి, తను కట్టిన స్క్వేర్ లాషింగ్, అంటే నిలువు కర్రకి అడ్డకర్రని బిగించే కట్టు, చూపిస్తుంది. నిలువు కర్రకి క్లోవ్ హిచ్ ముడి, మూడు చుట్లు, మధ్యలో బిగించే చుట్లు రెండు, అడ్డకర్ర మీద మళ్ళీ క్లోవ్ హిచ్. బిగింపు చుట్లు చాలామంది వదులుగా వేస్తారు, అక్కడే ఊగుతుంది. ఆ పిల్ల దాని మీద ఎక్కి నిలబడుతుంది. నువ్వు పట్టుకోబోకు.

తాడు సంగతి వచ్చింది కాబట్టి. నైలాన్ తాడు కొనకు, నునుపు ఎక్కువ, ముడి నేర్చుకునే చేతిలో జారుతుంది. మన వైపు గోగునారకి కొదవ లేదు, అది పట్టు బాగుంటుంది. తడిస్తే బిగుసుకుంటుంది, ఆరితే వదులవుతుంది, కాబట్టి గుడారం తాళ్ళు పడుకునే ముందు కొంచెం వదులు చెయ్యి, లేకపోతే మంచుకి మేకులు లాగేస్తుంది. ఆదివారం మీ నాన్న వస్తున్నాడు కదా, ముప్పై రెండు ముక్కలు పదేసి అడుగులు కోయించి ఇచ్చి పంపుతున్నాను. చివర్లు విడిపోకుండా దారం చుట్టే పని నేను చేయలేదు, అది నీ నలుగురు లీడర్లకి మొదటి మీటింగు పని. నువ్వు ముట్టుకోకు.

పేర్ల చీటీ రాసుకున్నాక నాకూ ఒక ప్రతి పంపు. మొహాలు తెలియకపోయినా పేర్లు తెలుసుకుంటాను.

ఇట్లు
మీ అత్త